గిరాకీ లేని రోజుల్లోనే వర్తకులు మేల్కోవాలి

వేములవాడ బజారు రాజన్న భక్తులను నమ్ముకున్న బజారు. సోమవారాలు, శ్రావణ మాసం, శివరాత్రి జాతర, రెండేళ్లకోసారి మేడారం వెళ్లే ముందు ఇక్కడ మొక్కు చెల్లించుకునే జనం, వీరి రాకతోనే కొబ్బరికాయల కొట్టు నుంచి లాడ్జి వరకు గల్లా నిండుతుంది. జనం రాని నాడు పొద్దు గుంకే వరకు బోణీ కాని దుకాణాలు కూడా ఉంటాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి జూన్ 8 వరకు గుడి తలుపులు మూతబడినప్పుడు ఈ సంగతి అందరికీ అనుభవంలోకి వచ్చింది. ఆలయ విస్తరణ పనులకు 2024 నవంబరు 20న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి పనులు సాగే కాలంలో రద్దీ అటూఇటూ కావడం సహజం. కనుక గిరాకీ పడిపోయే రోజులు మళ్లీ రావని ఎవరూ నిశ్చింతగా కూర్చోరాదు.

అటువంటి రోజుల్లో ఫోను మీద, దానితో నడిచే లావాదేవీల మీద చిన్న వర్తకుడు డబ్బు పెట్టడం తెలివైన పనేనా? "సరుకు తేవడానికే పైసలు లేవు, ఫోను ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు మన పెద్దల అనుభవంలోనే ఉంది.

ఒకప్పుడు ఊళ్లో టెలిఫోను ఉన్న ఇల్లు చెప్పుకోదగ్గ ఇల్లు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కూర్చునేవారు. 1984లో కేంద్ర ప్రభుత్వం సీ-డాట్ సంస్థను స్థాపించి, దేశంలోనే టెలిఫోను ఎక్స్ఛేంజీలను తయారు చేయించింది. ఆ తరువాత పల్లెలకు ఫోను వచ్చింది. పసుపు రంగు ఎస్.టి.డి. బూతులు వెలిశాయి. కిరాణం కొట్టు పక్కన ఒక బూతు పెట్టుకున్నవాడికి రెండో ఆదాయం దొరికింది. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ బూతులు మూతబడ్డాయి. కాలానికి తగినట్టు మారినవాడు నిలిచాడు, మారనివాడు నష్టపోయాడు. ఇందులో నేర్చుకోవలసిన పాఠం ఉంది.

నేడు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. మొక్కు కోసం ఏటా వచ్చే కుటుంబాల ఫోను నంబర్లను, వారి అనుమతితో, ఒక నోటుబుక్కులో రాసుకున్న లాడ్జి యజమాని పండుగకు ముందు వారిని పలకరించగలడు. చుట్టుపక్కల పల్లెల వాడుకదార్లు వాట్సాప్‌లో సరుకుల చీటీ పంపితే కిరాణం వ్యాపారి మూట కట్టి ఉంచగలడు. ఉద్దెర ఇచ్చిన మొత్తానికి లెక్క ఫోనులో ఉంటే తగాదా తక్కువ. 2016లో మొదలైన యూపీఐ ద్వారా నేరుగా బ్యాంకు ఖాతా నుంచి వచ్చే డబ్బుకు 2020 జనవరి నుంచి దుకాణదారుపై రుసుము లేదు. స్మార్ట్‌ఫోను లేనివారు కూడా చెల్లించేందుకు 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే తెచ్చింది. చిల్లర లేదని గిరాకీని తిప్పి పంపవలసిన పని తప్పింది.

అయితే ఫోను గిరాకీని పుట్టించదు. ఉన్న గిరాకీని జారిపోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. పక్కనున్న సిరిసిల్లను చూస్తే చాలు. బతుకమ్మ చీరల సర్కారు ఆర్డర్ల మీద ఏళ్ల పాటు నడిచిన మరమగ్గాలు 2024 ఆరంభంలో ఆర్డర్లు లేక ఆగిపోయాయి. అక్కడ నేతన్న చేతిలో ఫోను లేకపోలేదు. లేనిది కొనేవాడు. ఒకే కొనుగోలుదారుపై ఆధారపడితే ఏ యంత్రమూ ఆదుకోలేదు. ఆ ఖాళీ రోజుల్లో ఇతర ఊళ్ల వ్యాపారులతో సంబంధాలు కలుపుకోవడానికి మాత్రం ఫోను సాధనం కాగలదు. సర్కారు బాధ్యత సర్కారుదే, మన ప్రయత్నం మనదే.

ఇక జాగ్రత్తలు. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి ఇరవై వేలు తెచ్చి ఫోను కొంటే నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు మిత్తికే పోతాయి. అంత ఖరీదైనది ఎందుకు? పని జరిగే ఫోను చాలు. డబ్బు వచ్చిందని చెప్పే సౌండ్ బాక్సులకు కొన్ని కంపెనీలు నెల అద్దె తీసుకుంటాయి, ముందే అడిగి తెలుసుకోవాలి. గిరాకీ చూపించే తెరబొమ్మను చూసి సరుకు ఇవ్వరాదు, ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. డబ్బు తీసుకోవడానికి పిన్ నొక్కనక్కరలేదు. నొక్కమని ఎవరన్నా చెబితే మోసమని గ్రహించాలి. మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైతే డబ్బు దొరకడం కష్టం.

తోపుడు బండ్లవారికి, ఫుట్‌పాత్ వ్యాపారులకు 2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకం వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దీనిని 2030 మార్చి వరకు పొడిగించి, తొలి విడత రుణాన్ని 10 వేల నుంచి 15 వేలకు, రెండో విడతను 20 వేల నుంచి 25 వేలకు పెంచింది. మూడో విడత 50 వేలు. సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఫోను ద్వారా లావాదేవీలు చేస్తే ప్రోత్సాహకం కూడా ఉంది. పట్టణంలోని పూల, గాజుల, బొమ్మల వ్యాపారులు మున్సిపాలిటీలోని మెప్మా సిబ్బందిని కలిసి వివరాలు తెలుసుకోవాలి. బ్యాంకులు సాకులు చెప్పి తిప్పుకోకుండా రుణాలు ఇవ్వాలి.

అధికారులు కూడా తమ వంతు చేయాలి. జాతర రోజుల్లో జనం పోటెత్తినప్పుడు సిగ్నలు అందకుండా పోతే చెల్లింపులు ఆగుతాయి. టెలిఫోను కంపెనీలతో మాట్లాడి తాత్కాలిక టవర్లు ముందే ఏర్పాటు చేయించాలి. చదువు తక్కువైన వర్తకులకు తెలుగులో, బజారులోనే శిక్షణ ఇప్పించాలి. మోసాల గురించి పోలీసులు దుకాణం దుకాణం తిరిగి చెప్పాలి.

గిరాకీ బాగున్నప్పుడు నేర్చుకునే తీరిక ఉండదు. లేనప్పుడు తీరిక ఉంటుంది, పైసలుండవు. అందుకే అప్పు చేయకుండా, కొద్దిపాటి ఖర్చుతో, ఇంట్లో చదువుకున్న పిల్లల సాయంతో ఇప్పుడే మొదలుపెట్టాలి. రాజన్న దర్శనానికి జనం తిరిగి బారులు తీరే నాటికి మన దుకాణాలు సిద్ధంగా ఉండాలి.