కారు మెరుపు



మన ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లో తిరిగిన కారుకు ఒక్క పూటలో దుమ్ము పేరుకుంటుంది. చాలామంది వెంటనే పొడిగుడ్డతో తుడుస్తారు. అప్పుడు ఇసుక రేణువులు గుడ్డకింద నలిగి రంగుమీద సన్నని గీతలు పడతాయి. కనుక ముందు నీళ్లు ధారగా పోసి దుమ్మును దిగనివ్వండి. తరువాత కారు షాంపూ నురుగుతో పైనుండి కిందికి కడగండి. ఈ పని నీడలో చేయాలి. బోరునీరు ఎండకు ఆరితే ఉప్పుమచ్చలు నిలుస్తాయి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డతో తడి అద్దండి.

పాలిష్ వేరు, వాక్స్ వేరు. రంగుపైనున్న పారదర్శకపు పూతను పాలిష్ కొంచెం అరగదీసి గీతలు మాపుతుంది. ఆ పూత సాధారణంగా తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. అందుచేత మాటిమాటికి పాలిష్ పట్టకండి. వాక్స్ పూతను అరగదీయదు, పైన కాపుదలగా నిలుస్తుంది.

కొందరు కారు అమ్మేముందు దెబ్బతిన్నచోట పుట్టీ నింపి, రంగువేసి, మెరుగు పెడతారు. ఇనుపరేకుపై పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం అంటుకోదు. అయితే "మన సంఘపు అన్నేగదా" అని నమ్మి, పొలం తాకట్టు పెట్టిన సొమ్ముతో వచ్చే సహోదరుడు అయస్కాంతం తెచ్చుకోడు. గిన్నెను వెలుపల మాత్రమే శుద్ధిచేసేవారిని ప్రభువు గద్దించిన సంగతి మత్తయి 23వ అధ్యాయంలో చదువుతున్నాము. కారును మెరిపించడం పాపం కాదు. దెబ్బ ఎక్కడ తగిలిందో మాత్రం, అతడు అడగకముందే మీ వేలితో చూపించండి. ధర తగ్గితే తగ్గనివ్వండి. ఆదివారం అతని పక్కన కూర్చొని ప్రార్థించవలసినవారు మీరే.