ఇరుసు మార్చే ముందు ఒక మాట

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికగా చదవండి.

దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి పోయిన. మా పెద్దనాన్న కొడుకు తన పికప్‌కు ముందు సస్పెన్షన్ పీకించి పాత జీపు ఇరుసు వేయిస్తా అంటున్నడు. బండి ఫైనాన్స్‌ది. మా గుంపుకు తారు రోడ్డు లేదు, రెండు వాగులు దాటాలి. ప్రతి వానకాలం బాల్ జాయింట్లు, బుష్‌లు పోతున్నయి. వచ్చిన కిరాయి రిపేరుకే పోతుంది. వెల్డింగ్ షాపులో "రెండు రోజుల పనే" అన్నరంట.

అన్న ఆలోచన పిచ్చిది కాదు. ఆ బండికి ముందు చక్రాలు దేనికదే కదులుతయి. తారు రోడ్డు మీద అది సుఖం. కానీ లోడు పడి కిందికి దిగితే బండి అడుగు రాళ్లకు తగులుతది. పాత ఎం.ఎం.540 జీపులకు ఎడ్లబండి లెక్క రెండు చక్రాలకు ఒకటే ఇరుసు, కింద కమాన్ కట్టలు. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది నేలకు ఒత్తుకుంటది. అరిగే భాగాలు తక్కువ. అమెరికాలో టొయోటా 1986 మోడల్ నుంచి 4×4 పికప్‌లకు ఈ ఇరుసు తీసేస్తే, రాళ్లల్లో నడిపేటోళ్లు మళ్లీ పాత పద్ధతికే మార్చుకున్నరు.

అయినా నేను వద్దనే అంటున్న. ఎందుకంటే:

ఒకటి, అన్న బండి టూ వీల్ డ్రైవ్. ట్రాన్స్‌ఫర్ కేస్ లేకుండా ముందు ఏ ఇరుసు వేసినా ఆ చక్రాలు లాగవు. బురదలో దిగబడేది దిగబడుతది.

రెండు, ఇరుసు ఒక్కటి మారిస్తే పని అయిపోదు. స్టీరింగ్ రాడ్ల కోణం కుదరకపోతే, గుంతలో చక్రం లేచినప్పుడు స్టీరింగ్ దానంతటదే తిరుగుతది. బ్రేకు పైపు పొడవు చాలకపోతే తెగుతది. ఛాసిస్ మీద వెల్డింగ్ సరిగ్గా లేకపోతే అక్కడే పగులుతది.

మూడు, మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతరు.

ఆ బండి వెనక ఎవరు కూర్చుంటున్నరో మనకు తెలుసు. మిర్చి ఏరబోయే మన అమ్మలు, సంతకు పోయే ముసలోళ్లు, ఒక్కోసారి నొప్పులు పడుతున్న అక్క. అమెరికావాళ్లకు అది సరదా. మనకు ప్రాణాలు.

అసలు మారాల్సింది దారి. "ఫారెస్టోళ్లు ఒప్పుకోరు" అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నం. కానీ అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు కోసం అటవీ భూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. లెక్క వేసి చూసిన. 3 మీటర్ల వెడల్పుతో 3 కిలోమీటర్ల దారికి 0.9 హెక్టారు సరిపోతది. మా గుంపు నుంచి తారు రోడ్డుకు అంతకంటే తక్కువే.

"రోడ్డు వచ్చేదాకా ఏం చేయాలి?" అని అన్న అడిగిండు. న్యాయమైన ప్రశ్న. లోడు తగ్గించు, వానలకు ముందే బుష్‌లు, జాయింట్లు మంచివి వేయించు, ఈసారి బండి కొంటే కంపెనీ నుంచే ముందు ఇరుసుతో వచ్చే 4×4 చూడు అన్న. ఆయనకు పూర్తిగా నచ్చలేదు. కానీ షాపుకు ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు, వచ్చే గ్రామసభకు మాత్రం వస్తా అన్నడు.

మీ ఊళ్లో ఎవరైనా 3(2) కింద రోడ్డు తెచ్చుకుంటే ఆ తీర్మానం కాపీ గ్రూపులో పెట్టండి. మేము రాసుకోవాలె.

జై ఆదివాసీ.