మాత్రతో పాటు ఆ మాటా చెప్పండి

మిరప కోతల కాలంలో పల్నాడులో ఒళ్లు నొప్పులు లేని ఇల్లుండదు. మడమ వెనక గుంజుతోందని కూలికెళ్లే మనిషి చెబితే, పొద్దస్తమానం చేలో వంగి కోసింది కదా, అందుకేనని సరిపెడతాం. నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా ఆమెను ముందుగా అడగాల్సింది వేరే ఉంది: ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడావా అమ్మా?

సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్. మూత్రంలో మంటకు, విరేచనాలకు, జ్వరానికి తరచూ చేతికొచ్చే మాత్రలివి. ఫ్లోరోక్వినలోన్లనే ఈ జాతి మందులు కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువును దెబ్బతీయగలవు. ముఖ్యంగా పిక్కను మడమకు కలిపేదాన్ని. ఒక్కోసారి అది తెగిపోతుంది కూడా. అరుదే, ఒప్పుకుంటాను. కానీ నొప్పి రెండు రోజుల్లోనే మొదలవ్వొచ్చు, మందు మానేసిన కొన్ని నెలలకూ రావచ్చు. అప్పటికి ఆ మాత్ర ఎవరికి గుర్తుంటుంది? స్నాయువుకు రక్తం అందేదే తక్కువ, మానడం ఆలస్యం. కొందరికి ఆ బాధ ఏళ్లతరబడి వదలదు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే దీనిపై తీవ్ర హెచ్చరిక పెట్టించింది. వేరే మందు ఉంటే మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు వీటిని వాడొద్దని 2016లో చెప్పింది. 2024 జనవరిలో బ్రిటన్ మరింత బిగించి, ఇతర యాంటీబయాటిక్‌లు తగనప్పుడే ఇవ్వమంది.

అరవై దాటినవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. నాకు కోపం తెప్పించేది ఈ చివరిదే. జ్వరం చప్పున దిగాలని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేసి, అదే చేత్తో సిప్రో మాత్రలు కట్టివ్వడం వైద్యం కాదు. నడవలేక మంచం పట్టిన మనిషికి ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

లీవోఫ్లాక్సాసిన్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 నుంచి దాన్ని డాక్టరు చీటీ మీదే అమ్మాలి, వివరాలు వేరే రిజిస్టరులో రాయాలి. ఆ రాసే నిమిషంలోనే మడమ సంగతి ఒక్క ముక్క చెబితే చాలు.

ఈ మందులు చెడ్డవనడం లేదు. మందులకు లొంగని క్షయలో లీవోఫ్లాక్సాసిన్ ప్రాణం నిలుపుతుంది; ఆ రోగులు డాక్టరును అడక్కుండా ఒక్క మాత్ర కూడా మానకూడదు. మిగతావారు మడమ వెనక నొప్పో వాపో కనిపిస్తే మాత్ర ఆపి, కాలికి విశ్రాంతినిచ్చి, వెంటనే డాక్టరును కలవండి. పాత చీటీ పారేయకండి, వెంట తీసుకెళ్లండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 1800-180-3024. రోగులూ చేయొచ్చు, చేయండి.