తల్లి పోలిక రాని పిల్లలు



మాచవరంలో మా సంఘస్థుల ఇంట ఒక కోర్గీ కుక్క ఉంది. కుమారుడు హైదరాబాదు నుండి తెచ్చాడు. నక్క ముఖం, నిక్కిన చెవులు, జానెడు కాళ్ళు. అది వీధి కుక్కతో కలిసి అయిదు పిల్లలను పెట్టింది. మేము కుటుంబ ప్రార్థనకు వెళ్ళిన సాయంత్రం ఇంటి యజమాని గంపతో ఎదురయ్యాడు.

"అయ్యగారండీ, జాతి పిల్లలు ఇస్తానని ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నాను. ఇవేమో తలో రకం. తల్లి పోలిక ఉన్న రెంటిని ఉంచి, మిగతావి పొలిమేరలో వదిలేసి వస్తానండీ" అన్నాడు.

గంప దింపించి చూశాము. ఒకటి తల్లిలాగే ఎర్రన, ఒకటి పూర్తిగా నలుపు, రెండు మచ్చలవి, ఒకటి బూడిద రంగుది. నెల పిల్లలు గనుక చెవులు ఇంకా వాలే ఉన్నాయి. అయితే అయిదింటికీ కాళ్ళు పొట్టివే.

కోర్గీలు వేల్సు దేశంలో పశువులను తోలే కుక్కలు. ఆవు మడమ కొరికి, అది తన్నేలోగా తప్పించుకోవడానికి ఆ పొట్టితనం పనికివచ్చేది. ఒక జన్యువుకు అదనపు నకలు ఉండడమే దీనికి కారణమని 2009లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కోర్గీ ఆ నకలును ప్రతి పిల్లకూ ఇస్తుంది గనుక మొదటి తరంలో కాళ్ళు ఎంతో కొంత పొట్టిబడతాయి. రంగు, చెవి, వెంట్రుక వేరే జన్యువుల పని. పైగా ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు ఉండడం కూడా కద్దు!

రెండవ తరం ఇంకా చిత్రం. పల్నాడు రైతుకు వేరే చెప్పాలా? హైబ్రిడ్ మిరప కాయల గింజలు దాచి మరుసటి ఏడు వేస్తే మొక్కకో రకం కాస్తుంది. ఈ పిల్లలకు పుట్టేవీ అంతే, కొన్నిటికి మళ్ళీ పొడవు కాళ్ళే వస్తాయి.

"కొనేవారు తోక లేనిది కావాలన్నారండీ" అన్నాడాయన. కత్తిరించిన తోక పిల్లలకు సంక్రమించదని చెప్పాము. పుట్టుకతోనే తోక పొట్టిగా ఉండే కోర్గీలు వేరు.

ఎలిజబెత్ రాణిగారి ఇంటా ఇదే జరిగింది. ఆమె కోర్గీ, చెల్లెలు మార్గరెట్ గారి డాక్స్‌హండ్ కలిసి పిల్లలు పుడితే వాటికి డోర్గీలని పేరు పెట్టి పెంచుకొన్నారు. 2022లో ఆమె మరణించే నాటికి కూడా ఒక డోర్గీ ఆమె దగ్గర ఉంది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తల్లికుక్క గంప చుట్టూ తిరుగుతూనే ఉంది. డబ్బిచ్చిన వారికి ఉన్నదున్నట్టు చెప్పి, వద్దన్నవారికి తిరిగి ఇచ్చేయమన్నాము. పాలు మరచిన తరువాత పంచుదామని, మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించాలని అనుకొన్నాము. పొట్టికాళ్ళ కుక్కలకు వెన్నుపూస జబ్బులు ఎక్కువ. మెట్లు ఎక్కించవద్దు, బరువు పెరగనివ్వవద్దు. కోర్గీ బొచ్చు చలిదేశానిది, మనది రెంటచింతల ఎండ. వేసవిలో నీడ, నీళ్ళు మరువకండి.

ఒక ఇంటివారు డబ్బు వెనక్కు తీసుకొన్నారు. రెండవవారు మాత్రం నల్లదాన్నే ముచ్చటపడి తీసుకువెళ్ళారు. బూడిద రంగుది మా ఇంట ఉంది. ఒక చెవి లేచింది, రెండవది ఇంకా లేవలేదు.