దారులు బండ్లకా? మనుష్యులకా?

మన హొసూరు 2019లో నగరపాలక సంస్థ యైనది. హోదా పెరిగినది, కాలినడకన పోవువాని కష్టము మాత్రము తరుగలేదు. రద్దీ మాట వచ్చినప్పుడెల్ల కొందరు పెద్దలు ఒకే మందు చెప్పుచున్నారు: రోడ్లు వెడల్పు చేయవలెను, వంతెనలు కట్టవలెను. ఈ వాదమును మేమంగీకరింపజాలము.

ఋజువునకు దూరము పోనక్కరలేదు. బెంగుళూరులో హొసూరు రోడ్డు మీదనే సిల్క్ బోర్డు ప్రాంతము నుండి ఎలక్ట్రానిక్ సిటీ వరకు సుమారు 10 కిలోమీటర్ల వంతెన దారిని 2010లో తెరచిరి. సిల్క్ బోర్డు కూడలిలో రద్దీ తీరినదా? ఆ పేరే రద్దీకి మారుపేరైనది. కడకు 2025 ఆగస్టులో ఆ దారి వెంటనే బొమ్మసంద్ర వరకు మెట్రో రైలు నడుపవలసి వచ్చినది. నీరు పల్లమెరిగినట్లు, దారి విశాలమైన చోటికి బండ్లు చేరుచునే యుండును.

అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ మోటారు సైకిళ్లు తయారగు ఊరిలో నుండి బండ్లను నిందించుట తగునా యని కొంద రడుగవచ్చును. మేము బండ్లను నిందించుట లేదు. బండి లేనివాడు బ్రదుకజాలని ఏర్పాటును నిందించుచున్నాము. సూళగిరి, బాగలూరు, తళి ప్రాంతముల తెలుగు పల్లెల నుండి సిప్‌కాట్ కర్మాగారములకు వచ్చు యువకునికి షిఫ్టు ముగిసిన వేళకు బస్సు లేనిచో, అప్పు చేసియైనను బండి కొనక తప్పదు. అది విలాసమనరాదు. 2021 మే నెల నుండి తమిళనాట సాధారణ పట్టణ బస్సులలో స్త్రీలకు ప్రయాణ ముచితము. మెచ్చదగిన పనియే. కాని రాని బస్సులో ఉచిత ప్రయాణ మెట్లు చేయుదురు?

కృష్ణగిరి స్థితి మరింత విచారకరము. 2004లో జిల్లా కేంద్రమైన ఆ పట్టణమునకు నేటికిని రైలు లేదు. 1905లో తిరుపత్తూరు నుండి చిన్న పట్టాల రైలు అచ్చటికి వచ్చినది. ఆ పట్టాలు పోయి దశాబ్దములు గడచినవి. తాతలు రైలెక్కిన ఊరిలో మనుమలకు హైవే తప్ప వేరు గతి లేకుండుట అభివృద్ధి యగునా?

రవాణా యనగా మనుష్యులను చేరవేయుట గాని బండ్లను కదలించుట కాదని కేంద్ర ప్రభుత్వపు జాతీయ నగర రవాణా విధానము 2006లోనే చెప్పినది. మేము కోరునదియు నదియే. వంతెనల కంటె ముందు కాలిబాటలు, వీధి దాటుటకు భద్రమైన తావులు కావలెను. షిఫ్టు వేళల ననుసరించి పల్లెలకు బస్సులు నడుపవలెను. మెట్రో హొసూరు దాక పొడిగింపవలెనను మాట వినబడుచున్నది, వచ్చిన సంతోషమే. అందాక చేతులు ముడుచుకొని కూర్చుండక, బొమ్మసంద్ర మెట్రో వేళలకు పొందికగా బస్సులు నడుపుటకు ఉభయ రాష్ట్రములును పూనుకొనవలెను. ప్రయాణికుని అవసరము అత్తిబెలె పొలిమేరతో ఆగునది కాదు. కృష్ణగిరికి రైలు మరల రావలెను.

తెలుగు సోదర సోదరీమణులారా! నగర ప్రణాళికలు ప్రకటితమైనప్పుడు మన పల్లెలవారు మౌనము వహించుట తగదు. ఏ యూరికి ఏ వేళ బస్సు లేదో వ్రాసి, సంతకములు చేసి, అధికారులకు పంపుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.