ఓర్చుకోమనడం వైద్యం కాదు

గర్భిణులు పారాసెటమాల్ వేసుకోవద్దనీ, తప్పనిసరైతే తప్ప ఓర్చుకోవాలనీ 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సెలవిచ్చారు. వేసుకుంటే బిడ్డకు ఆటిజం వస్తుందట! అందుకు తగిన రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు రోజుల్లోనే ప్రకటించింది. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూస్తే అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. పైగా తొలి నెలల్లో తీవ్రమైన జ్వరాన్ని తగ్గించకపోతేనే పిండానికి హాని జరగవచ్చు. బిడ్డలో ఏ లోపం కనిపించినా తల్లి ఏం తిన్నదో, ఏం మింగిందో ఆరా తీయడం మనకూ కొత్త కాదు.

అయితే నొప్పి మాత్రలన్నీ ఒకటి కావు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి 20 వారాలు దాటాక వాడితే కడుపులోని బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. చివరి నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. తొలి వారాల్లో వీటివల్ల గర్భం పోతుందా అంటే అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. పిండానికి అవయవాలు ఏర్పడేది ఆ వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని మొదలై ఉంటుంది.

డైక్లోఫెనాక్ మాత్రలు మన చట్టం ప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ నాట్లు వేసొచ్చి నడుము పట్టేసిందంటే మందుల షాపులో చేతిలో పెట్టేది తరచు అదే, ఆర్.ఎం.పి. పొడిచే సూదీ అదే. పారాసెటమాల్‌లో డైక్లోఫెనాక్‌నో ఎసిక్లోఫెనాక్‌నో కలిపిన మాత్రలూ ఉన్నాయి. జ్వరం బిళ్ళే కదా అని మింగే ఆమెకు అందులో రెండో మందు ఉందని ఎవరు చెబుతారు? అట్ట మీద ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తే అవీ ఉండవు.

గర్భం ఉందో లేదో తేల్చడానికంటూ అమ్మిన ఇ.పి. హార్మోన్ మందులను 1982లో నిషేధించినా, కంపెనీలు కోర్టులకెక్కి కాలం గడిపాయి. స్త్రీల సంఘాలు, ఆరోగ్య బృందాలు పట్టుబట్టాకే 1988లో అది అమలయింది. ఇప్పుడు మనం నిషేధం కోరడం లేదు. తెలుసుకునే హక్కు అడుగుతున్నాం. గర్భిణులకు హెచ్చరిక అట్ట మీద తెలుగులో, చదువురాని వాళ్ళకు బొమ్మతో ఉండాలి. నొప్పికీ జ్వరానికీ పారాసెటమాల్ ఒక్కటే, తక్కువ మోతాదులో, అవసరమైనన్ని రోజులే వేసుకోవచ్చని ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడే ఏ.ఎన్.ఎం. చెప్పాలి. రక్తపోటు భయంతో డాక్టరు చిన్న మోతాదు ఆస్పిరిన్ రాస్తే దాన్ని మానకూడదనీ చెప్పాలి.

ఇక ఆ నడుము నొప్పి సంగతి. మాతృ వందన పథకం కింద కేంద్రం మొదటి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయలతో ఒక కూలీ స్త్రీ ఎన్నాళ్ళు పని మానేసి నడుము వాల్చగలదో లెక్క కట్టి చెప్పమని అధికారులను అడుగుతున్నాం.