ఎకనామిక్స్‌కు డిమాండ్ లేదన్నది ఎవరు?

డిగ్రీ అడ్మిషన్ల ముందు మన కాలేజీల స్టాఫ్ రూముల్లో ఏటా ఒకటే మాట వినిపిస్తోంది: ఎకనామిక్స్‌కు డిమాండ్ లేదు, బీఏ తగ్గించి బీకాం కంప్యూటర్స్ పెంచుదాం, వీలైతే డేటా సైన్స్ పెడదాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఎక్కడ విన్నా ఇదే వరస. ఈ వాదన తప్పు. ఈ ప్రాంతపు పిల్లలకు నష్టం చేసే తప్పు.

డిమాండ్ లేదని దేన్ని చూసి అంటున్నారు? దోస్త్‌లో పడిన వెబ్ ఆప్షన్లను చూసి. 2016 నుంచి డిగ్రీ సీట్లు ఎక్కువగా ఆ ఆన్‌లైన్ దారిలోనే వస్తున్నాయి. నెట్ సెంటర్లో కూర్చుని, స్నేహితులు ఏది పెట్టారో అడిగి, సెంటర్ నడిపే అన్న ఏది నొక్కమంటే అది నొక్కే పిల్లలు ఎందరో. ఇంటర్‌లో ఎంఈసీ చదివిన అమ్మాయికి మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండూ వచ్చు. డిగ్రీకి వచ్చేసరికి హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌తో తప్ప ఎకనామిక్స్ దొరకకపోతే ఆమె కామర్స్‌కే పోతుంది. కోర్సు పెట్టని చోట ఆప్షన్లు లెక్కబెట్టి గిరాకీ లేదని తేల్చడం ఏం న్యాయం? సరఫరా లేని సరుకుకు గిరాకీ కొలవలేమని మొదటి సెమిస్టర్ మైక్రో పాఠంలో మనమే చెబుతున్నాం కదా.

అసలు ఈ నేల ఎలా బతుకుతోందో చూడండి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద వరి పెరిగింది, వరి వెంట మిర్యాలగూడలో మిల్లులు పెరిగాయి. యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే ఎండల వల్ల నూక ఎక్కువవుతుంది, అందుకే ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ బియ్యం తినేది ఎక్కువగా వేరే రాష్ట్రాల వాళ్లు. కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోనన్నప్పుడు గొడవ ఎంత ముదిరిందంటే, 2022 ఏప్రిల్ 11న రాష్ట్ర ముఖ్యమంత్రే ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. మరుసటి ఏడాది జులైలో తెల్లబియ్యం ఎగుమతులు ఆగాయి, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. ఇక్కడి ఎండ, అక్కడి తిండి అలవాటు, ఢిల్లీ ఉత్తర్వు, మూడూ కలిసి వేములపల్లి రైతు చేతికొచ్చే ధరను కదిలిస్తాయి. అంతర్జాతీయ వాణిజ్యం చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలో ఉంది?

ఇంకా దగ్గరికి రండి. కొనుగోలు కేంద్రంలో కాంటా పడుతుంది. తేమ 17 శాతం దాటకూడదు. 40 కిలోల బస్తాకు తరుగు పేరుతో కిలో అదనంగా తూస్తే, వంద క్వింటాళ్లకు రెండున్నర క్వింటాళ్లు పోయినట్టు. 2024-25లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు, అంటే రైతుకు నష్టం 5,800. ప్రభుత్వం కొని ఇచ్చిన క్వింటాలు వడ్లకు మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు ప్రభుత్వానికి తిరిగివ్వాలి. తవుడు, నూక, ఊక ఎవరికి మిగులుతాయి, వాటి విలువ ఎంత? ఈ లెక్క కట్టగల డిగ్రీ విద్యార్థి ప్రతి ఊళ్లో ఒక్కరున్నా చాలు, కాంటా దగ్గర మాట తీరు మారుతుంది.

ఉద్యోగాలేవి అని అడిగే తల్లిదండ్రులది న్యాయమైన ప్రశ్నే. పాత బీఏ దానికి జవాబు చెప్పలేదు, అదీ ఒప్పుకోవాలి. కానీ జవాబు సబ్జెక్టును తీసేయడంలో లేదు. డేటా సైన్స్ అని బోర్డు పెట్టి, ఏ డేటా అన్నది చెప్పకుండా సాఫ్ట్‌వేర్ మీటలు నేర్పితే ఆ పిల్లవాడు హైదరాబాద్ వెళ్లి ఇంజనీరింగ్ వాళ్లతో పోటీపడి ఓడిపోతాడు. అదే పిల్లవాడికి ఎకనామిక్స్‌తో స్టాటిస్టిక్స్, ఎక్సెల్ కలిపి నేర్పండి. బ్యాంకు, సహకార సంఘం, మిల్లు, సర్వే పని, ఎక్కడైనా అక్కరకొస్తుంది.

అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. స్కిల్ పేపర్లు, ఎలక్టివ్‌లు, ప్రాజెక్టు ఇప్పటి క్రెడిట్ విధానమైన సీబీసీఎస్‌లో ఉన్నవే. వాటిలో ధాన్యం మార్కెట్, కాల్వ నీటి పంపకం, సహకార పరపతి, జిల్లా బడ్జెట్ చదవడం పెట్టాలి. ప్రాజెక్టు ఇంటర్నెట్ నుంచి దించుకున్న కాగితాల కట్ట కాకూడదు. మెల్లచెరువు సిమెంటు లారీల కిరాయి మీదో, కాల్వ చివరి భూముల్లో బోర్ల ఖర్చు మీదో ఇల్లిల్లూ తిరిగి రాసిందై ఉండాలి. మన చేతిలో లేనిది సిలబస్ మార్పు ఒక్కటే. దాని కోసం మహాత్మాగాంధీ యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ను గట్టిగా అడగాలి, ఒక కాలేజీ కాదు, మూడు పట్టణాల శాఖలు కలిసి.

గ్రూప్స్ పరీక్షల కోసమైనా ఎకనామిక్స్ ఉంచుదామనే మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. గ్రూప్-2లో 150 మార్కుల పేపర్ ఉన్న మాట నిజమే. బిట్ల కోసమే చదివితే మాత్రం పరీక్ష అయ్యాక మిగిలేది ఏమీ ఉండదు. నిజంగా చదివితే ఏం మిగులుతుందో మన చరిత్రే చెబుతుంది. 1969లో లలిత్ కమిటీ తెలంగాణకు ఖర్చు చేయకుండా మళ్లించిన మిగులు నిధులను లెక్కగట్టింది. ఆ అన్యాయాన్ని దశాబ్దాల పాటు జనానికి విప్పిచెప్పిన ప్రొఫెసర్ జయశంకర్ ఎకనామిక్స్ మేష్టారే. నీళ్లు, నిధులు, నియామకాలు అని అడిగి తెచ్చుకున్న రాష్ట్రంలో, నిధుల లెక్క నేర్పే శాఖకే తాళం వేద్దామంటే ఊరుకోలేం.

వచ్చే దోస్త్ నోటిఫికేషన్‌లోపే ఈ మూడు పట్టణాల కాలేజీలు మ్యాథ్స్‌తోనో స్టాటిస్టిక్స్‌తోనో కలిపి ఎకనామిక్స్ కాంబినేషన్ ప్రకటించాలి. ఇంటర్ పరీక్షలకు ముందే లెక్చరర్లు జూనియర్ కాలేజీలకు వెళ్లి ఎంఈసీ, సీఈసీ క్లాసుల్లో దాని గురించి చెప్పాలి. మూడేళ్లు అలా నడిపాక చేరికల సంఖ్య చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.